నైసినా, బెంజోయేటా, వెనిగరా? హైదరాబాద్‌లో తినుబండారాలు ప్యాక్ చేసి అమ్మేవాళ్లకు ఎంపిక సలహా

పనీరు, దోసెల పిండి, అల్లంవెల్లుల్లి పేస్టు, పచ్చళ్లు, హలీం. వీటిలో ఏదో ఒకటి ఇంట్లోనో చిన్న షెడ్డులోనో తయారుచేసి, ప్యాక్ చేసి అమ్ముతున్నవాళ్ల కోసం ఈ పోలిక. సరుకు ఇంకో నాలుగు రోజులు నిలవాలి, లేబుల్ మీద మాత్రం కెమికల్ పేరు కనిపించకూడదు. అందరూ కోరేది ఇదే. ఆ కోరిక పట్టుకునే డీలర్లు నైసిన్ అనే ఓ తెల్లటి పొడి చూపించి, "ఇది కెమికల్ కాదండీ, బ్యాక్టీరియా నుంచి వచ్చిన నేచురల్ ప్రిజర్వేటివ్, దేంట్లోనైనా వేసుకోవచ్చు" అంటారు. మొదటి ముక్క చాలావరకు నిజమే. "దేంట్లోనైనా" అన్నది మాత్రం పచ్చి అబద్ధం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పై ఐదు సరుకుల్లో ఆ పొడి తన ఖరీదుకు తగ్గ పని కొంతైనా చేసేది పనీరులోనే, అదీ శుభ్రత, చల్లదనం రెండూ ఉంటేనే. మిగతావాటికి ఆ డబ్బు పులుపు మీద, ఉప్పు మీద, ఫ్రిజ్ మీద పెట్టడం మేలు. ఎందుకో చూద్దాం.

ముందు, పాడుచేస్తున్నది ఎవరు?

మందు కొనే ముందు మీ సరుకు ఎలా పాడవుతోందో నాలుగు రోజులు గమనించండి. ఒక ప్యాకెట్ ఫ్రిజ్‌లో, ఇంకొకటి బయట పెట్టి చూడండి. పైన తెల్లగానో పచ్చగానో నూగులా వస్తే బూజు. ప్యాకెట్ ఉబ్బి, కల్లు వాసన వస్తే చాలాసార్లు ఈస్ట్. ఫ్రిజ్‌లో ఉన్నా పైన జిగురు పట్టి, ముక్కిన వాసన వస్తే సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ (ఒంటి మీద ఇంకో పొర అదనంగా ఉండే రకం) బ్యాక్టీరియా మీద అనుమానపడాలి. పులుపు శ్రుతి మించితే లాక్టిక్ బ్యాక్టీరియా. ఇక ఏ గుర్తూ చూపించకుండా మనిషిని ఆసుపత్రి పాలు చేసే రకం ఒకటుంది: బాసిల్లస్, క్లాస్ట్రిడియం. వీటి స్పోర్లు, అంటే విత్తనాల్లా నిద్రపోయే గట్టి రూపాలు, వండినా చావవు. కూర చల్లారుతున్నప్పుడు మేలుకుని పెరుగుతాయి. రుచి, వాసన చూసి వీటిని పట్టుకోలేం.

రెండో పని పీహెచ్ కొలవడం. ఇందుకు చేత్తో పట్టుకునే మీటరు ఒకటి కొనండి. పేపరు స్ట్రిప్పులు పసుపు, కారం రంగుల్లో దేనికీ పనికిరావు. ఏ మందు కొన్నా కొనకపోయినా మీటరు మాత్రం ఉండాలి. గుర్తుపెట్టుకోవాల్సిన అంకె 4.6. అంతకంటే పీహెచ్ తక్కువగా ఉంటే, అంటే సరుకు పుల్లగా ఉంటే, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం బొటులినం పెరగలేదు.

ఈ రెండూ తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

నైసిన్: గొప్పదే, కానీ పరిధి చిన్నది

బ్యాక్టీరియా తమ పక్కన పెరిగే పోటీ బ్యాక్టీరియాను చంపడానికి చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు తయారుచేస్తాయి. వీటిని బ్యాక్టీరియోసిన్లు అంటారు. వీటిలో ప్రపంచమంతా ఆహారంలో వాడుతున్నది నైసిన్. పాలల్లో సహజంగా ఉండే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా దీన్ని తయారుచేస్తుంది. ఇందులో 34 అమైనో ఆమ్లాలుంటాయి. ఒక పాల బ్యాక్టీరియా ఇంకోదాన్ని అణిచేస్తోందని 1928లోనే గమనించారు. 1933లో న్యూజిలాండ్‌లో చీజ్ తోడుకోకపోవడానికి కారణం వెతుకుతుంటే ఇదే బయటపడింది. 1947లో ఇంగ్లండ్‌లో మాటిక్, హిర్ష్ దీనికి పేరు పెట్టారు. 1969లో ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓల నిపుణుల కమిటీ, 1988లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఒప్పుకున్నాయి. అంటే నిన్న మొన్న పుట్టుకొచ్చిన మందేం కాదు. లేబుల్ మీద రాసే అంతర్జాతీయ నంబరు 234.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలిసిపోతుంది. బ్యాక్టీరియా తన గోడ కట్టుకోవడానికి ఇటుకల్లా వాడుకునే లిపిడ్ 2 అనే పదార్థాన్ని నైసిన్ పట్టేసుకుంటుంది. దాంతో గోడ కట్టడం ఆగిపోతుంది, పొరకు చిల్లులూ పడతాయి. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు ఆ పొర బయటికి అందుబాటులో ఉంటుంది. అందుకే లిస్టీరియా, స్టెఫైలోకాకస్, బాసిల్లస్, క్లాస్ట్రిడియంల మీద దీని దెబ్బ గట్టిగా పడుతుంది. స్పోర్లు మొలకెత్తి పెరగకుండా ఆపడం దీని అసలు బలం. గ్రామ్ నెగటివ్ వాటికి బయట ఇంకో పొర ఉంటుంది. కాబట్టి ఈ.కోలై, సాల్మొనెల్లా, సూడోమోనాస్‌లను మామూలుగా వాడితే ఇది తాకలేదు. బూజుకు, ఈస్ట్‌కు అసలు సంబంధమే లేదు.

ఇంకో మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది పీహెచ్. నైసిన్ పులుపులో బాగా కరుగుతుంది, వేడికీ తట్టుకుంటుంది. పీహెచ్ 2 దగ్గర ప్రెషర్ కుక్కర్ వేడిలో కూడా నిలుస్తుంది. అదే పీహెచ్ 6, 7 దగ్గర కరగడం తగ్గిపోతుంది, వేడి చేస్తే బలమూ పోతుంది. రెండోది కొవ్వు. నెయ్యి, మాంసం కొవ్వు ఉన్నచోట ఇది వాటికి అంటుకుపోయి, బ్యాక్టీరియా దగ్గరికి చేరేది తగ్గుతుంది. మూడోది పచ్చి మాంసం. అందులో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం నైసిన్‌తో కలిసి దాన్ని పనికిరాకుండా చేస్తుంది. కాబట్టి మాంసానికి మ్యారినేషన్‌లోనే నైసిన్ కలపమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

భద్రత గురించి టెన్షన్ పడనక్కర్లేదు. కడుపులోకి వెళ్లాక ప్రోటీన్లు అరిగినట్టే ఇదీ అరిగిపోతుంది. చీజ్ రకాలకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 12.5 మిల్లీగ్రాములు. చాలా కంపెనీలు దీన్ని పాల పదార్థాల మీద పెంచి తీస్తాయి కాబట్టి పొడిలో పాల ఘనపదార్థాలు మిగిలి ఉంటాయి. పాల అలర్జీ ఉన్నవాళ్ల కోసం లేబుల్ మీద ఆ మాట రాయాలి. "వీగన్" అని అమ్ముకునేవాళ్లు దేని మీద పెంచారో సప్లయర్‌ను కాగితం మీద అడగాలి.

మిగతా వరుస

నాటామైసిన్. దీన్ని కూడా "బ్యాక్టీరియా నుంచి వచ్చినదే" అని నైసిన్ పక్కనే అమ్ముతారు. ఇది నైసిన్‌లా ప్రోటీన్ ముక్క కాదు. దక్షిణాఫ్రికాలోని నటాల్ ప్రాంతపు మట్టిలో 1955లో దొరికిన స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. పని కూడా నైసిన్‌కు పూర్తిగా తిరగేసి ఉంటుంది: బూజు, ఈస్ట్‌ల మీదే పనిచేస్తుంది, బ్యాక్టీరియాను ముట్టుకోదు. నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి చీజ్ గడ్డ పైభాగాన రాసేందుకు బాగుంటుంది. లోపలికి ఇంకదు. వెలుతురు తగిలితే బలం పోతుంది. నంబరు 235. ఒక విషయం చెప్పాలి: కంటి నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడితే డాక్టర్లు వేసే చుక్కల మందు కూడా ఇదే. పొలం పనుల్లో కంటికి ఆకు గీసుకుని పుండు పడ్డవాళ్లకు ఇది చాలా ముఖ్యమైన మందు. అలాంటిదాన్ని పచ్చడి జాడీల్లో ఎడాపెడా గుమ్మరించడం నాకు నచ్చదు. చీజ్ చేసేవాళ్లు అనుమతి మేరకు వాడుకోవచ్చు, మిగతావాళ్లకు దీని అవసరం లేదు.

పాలీలైసిన్. లైసిన్ అనే అమైనో ఆమ్లమే 25 నుంచి 35 దాకా గొలుసుగా కూడితే ఇది. జపాన్‌లో షిమా, సకాయ్ 1977లో వెలుగులోకి తెచ్చారు. ఇది కూడా స్ట్రెప్టోమైసిస్ నుంచే. నైసిన్ చేయలేని పని కొంత ఇది చేస్తుంది: గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తుంది, వేడికి తట్టుకుంటుంది, పీహెచ్ గురించి అంత పేచీ పెట్టదు. వండిన అన్నం, నూడుల్స్ నిల్వకు జపాన్‌లో వాడతారు. అన్నానికి కిలోకు 50 మిల్లీగ్రాముల దాకా వాడటానికి అమెరికా ఎఫ్‌డీఏ 2004లో అభ్యంతరం లేదంది. ఎక్కువ వేస్తే చేదు. మన దగ్గర పొడి దొరకడం వేరు, మీ సరుకు కేటగిరీలో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతి ఉండటం వేరు. కేటగిరీ పట్టికలో కళ్లారా చూశాకే ఆర్డర్ పెట్టండి.

పెడియోసిన్. 44 అమైనో ఆమ్లాలున్న ఈ బ్యాక్టీరియోసిన్ లిస్టీరియాకు సింహస్వప్నం. విడిగా శుద్ధి చేసిన పొడిగా కాక, ఎక్కువగా పులియబెట్టిన పదార్థం రూపంలోనే వస్తుంది. చిన్న వంటశాలకు దీంతో పనిలేదు.

పులియబెట్టిన పొడులు. వెన్న తీసిన పాలనో చక్కెరనో మంచి బ్యాక్టీరియాతో పులియబెట్టి, మొత్తాన్నీ ఎండబెట్టి అమ్ముతారు. లేబుల్ మీద "కల్చర్డ్ మిల్క్ పౌడర్" లాంటి మెత్తని పేరు పడుతుంది. ప్రోపియోనిబ్యాక్టీరియంతో చేసినవి బూజు మీద, కొన్ని గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా మీద కూడా పనిచేస్తాయి, అందులో పెద్ద వాటా ప్రోపియోనిక్ ఆమ్లానిదే. అంటే బ్రెడ్డులో వేసే కాల్షియం ప్రోపియోనేట్ చేసే పనినే కాస్త ఖరీదుగా, కాస్త మర్యాదగా చేయడం. రుచి మారుతుంది. పెరుగు వాసన నప్పే సరుకులకు బాగుంటుంది, స్వీట్లకు బాగుండదు.

ఇక పాతకాపులు: సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్. వీటిని అనవసరంగా తిడుతున్నారన్నది నా ఉద్దేశం. పుల్లని సరుకులో, పరిమితిలో వేస్తే చవకగా, నమ్మకంగా పనిచేస్తాయి. అసలు లెక్క ఆమ్లం విడిపోకుండా ఎంత మిగిలిందన్నది, ఎందుకంటే సూక్ష్మజీవి లోపలికి దూరేది ఆ భాగమే. పీహెచ్ 4.2 దగ్గర బెంజోయిక్ ఆమ్లంలో సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 5కు వస్తే దాదాపు 14 శాతం. 6 దగ్గర ఒకటిన్నర శాతమే. సోర్బేట్ కొంచెం నయం: 5 దగ్గర 36 శాతం, 6 దగ్గర 5 శాతం. అందుకే పనీరులో బెంజోయేట్ వేసి "పనిచేయట్లేదు" అనేవాళ్లు మందును తిట్టి లాభం లేదు.

మన సరుకుల దగ్గరికి వస్తే

పనీరు. పీహెచ్ ఐదున్నర అటూఇటూ, నీరు ఎక్కువ. పాలు మరిగించినా బతికే స్పోర్లు ఒకవైపు, విరిచాక గుడ్డ నుంచి, చేతుల నుంచి, చల్లబరిచే నీళ్ల నుంచి ఎక్కే సూడోమోనాస్, బూజు ఇంకోవైపు. నైసిన్ మొదటిదాన్ని చూసుకుంటుంది, రెండోదాన్ని చూసుకోదు. కాబట్టి నైసిన్ వేసేముందు చల్లబరిచే నీళ్లు మరిగించి చల్లార్చినవి వాడండి, గుడ్డలు రోజూ ఉడకబెట్టండి, వ్యాక్యూమ్ ప్యాకింగ్ పెట్టుకోండి. ఈ మూడూ చేశాక నైసిన్ వేస్తే ఫలితం కనిపిస్తుంది. చేయకుండా వేస్తే డబ్బు వృథా. వ్యాక్యూమ్ ప్యాక్ చేసిన పనీరు బయట ఉండకూడదని కూడా గుర్తుంచుకోండి. గాలి లేకపోతే బూజు ఆగుతుంది, క్లాస్ట్రిడియానికి మాత్రం అదే కావాలి.

దోసెల పిండి. ఇక్కడ నైసిన్ అమ్మేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. పిండి పులిసేదే ల్యూకోనోస్టాక్ లాంటి గ్రామ్ పాజిటివ్ లాక్టిక్ బ్యాక్టీరియా వల్ల. నైసిన్ కొట్టేది సరిగ్గా వాటినే. రుబ్బగానే వేస్తే పిండి పొంగదు, ఇడ్లీ రాయిలా వస్తుంది. పులిశాక వేస్తే పులుపు పెరగడం నెమ్మదించవచ్చు, కానీ అదే పని 4 డిగ్రీల ఫ్రిజ్ ఉచితంగా చేస్తుంది. పిండి వ్యాపారంలో పోయే డబ్బంతా డెలివరీ బండి మీద, కిరాణా షాపు ఫ్రిజ్‌లో పోతుంది. మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా పంపే పిండికి ఏ బ్యాక్టీరియోసినూ దిక్కు కాదు. తెల్లవారుజామునే పంపండి, ఐస్ ప్యాక్ పెట్టండి. ప్యాకెట్ మీద చిన్న చిల్లు కూడా వదలండి.

అల్లంవెల్లుల్లి పేస్టు. ఈ ఐదింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. మట్టిలోంచి వచ్చిన దుంపలు, స్పోర్లు తప్పవు. పీహెచ్ ఆరు దగ్గర ఉంటుంది. దానికి తోడు పైన నూనె పోసి గాలి ఆపేస్తారు. బొటులినం పెరగడానికి ఇంతకంటే అనుకూలమైన చోటు ఉండదు. నైసిన్ క్లాస్ట్రిడియం మీద పనిచేస్తుంది కదా అని దాన్ని నమ్ముకుని పులుపు మానేయడం ప్రాణాంతకం, ఎందుకంటే పీహెచ్ ఆరులో దాని బలం బాగా తగ్గిపోతుంది, పేస్టు అంతటా సమంగా పరుచుకోదు. సిట్రిక్ ఆమ్లమో వెనిగరో కలిపి, బాగా గిలక్కొట్టి, మర్నాడు మళ్లీ కొలిచినా పీహెచ్ 4.6కు చాలా కింద, 4.0 దగ్గర ఉండేలా చూడండి. అంత పులుపు ఉన్నాక ఈస్ట్, బూజుల కోసం బెంజోయేట్ పరిమితిలో చాలు. నైసిన్ అవసరమే రాదు.

పచ్చళ్లు. ఆవకాయకు నైసిన్ వేయమని ఎవరైనా అంటే ఆ మనిషి ఆవకాయ పెట్టి ఉండడు. ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి, నూనె ఉన్న జాడీలో వచ్చే సమస్య తడి గరిటె వల్ల పైన పట్టే బూజు, దానికి నైసిన్ మందు కాదు. ఉప్పునీళ్లలో ఊరే పచ్చళ్లకు మన నిబంధనల్లో ఉప్పు కనీసం 12 శాతం, వెనిగర్‌లో ఊరేవాటికి ఎసిటిక్ ఆమ్లం కనీసం 2 శాతం ఉండాలని ఊరికే పెట్టలేదు. ఉప్పు తగ్గించి "హెల్దీ" అని అమ్మాలనుకునేవాళ్లే అసలు ఇబ్బందుల్లో పడతారు. గోంగూర, చింతకాయ పీహెచ్ ఎలాగూ తక్కువ, వాటికి ఉప్పు, నూనె చాలు. టమాటా పచ్చడి ఒక్కటి కొలిచి చూడండి, కొన్ని రకాల టమాటాలు అనుకున్నంత పుల్లగా ఉండవు.

హలీం. రంజాన్‌లో ఊరంతా డబ్బాల్లో తిరుగుతుంది, వేరే ఊళ్లకూ కొరియర్ అవుతుంది. హైదరాబాదీ హలీంకు 2010లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. గోధుమ, మాంసం, నెయ్యి, పీహెచ్ ఆరు పైన, పెద్ద దేగిశాలో గంటల తరబడి మెల్లగా చల్లారడం: క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్‌కు, బాసిల్లస్ సెరియస్‌కు పెళ్లిభోజనం. ఇక్కడ నైసిన్‌కు పీహెచ్ కలిసిరాదు, నెయ్యి కూడా అడ్డం. వండి దింపాక కలిపితే కొంత సాయం చేయొచ్చు, కానీ దాని మీద ఆధారపడి ప్యాకెట్ మీద తేదీ పొడిగించకండి. వేడిగా అమ్మితే 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి. ప్యాక్ చేస్తే వెడల్పాటి ట్రేల్లో పలచగా పరిచి, వీలైనంత త్వరగా 5 డిగ్రీల కిందికి దించాలి, లేదా గడ్డకట్టించాలి. మాంసం సరుకు సీరియస్‌గా చేసేవాళ్లు చెంగిచర్లలో ఉన్న జాతీయ మాంస పరిశోధన సంస్థ దగ్గరికి వెళ్లి అడగడం మంచిది, ఊళ్లోనే ఉంది కదా.

పుల్కాలు, పరోటాల గురించి కూడా అడుగుతుంటారు. బూజు సమస్య కాబట్టి ప్రోపియోనేట్ లేదా సోర్బేట్. ఆస్ట్రేలియాలో క్రంపెట్లు అనే తడి రొట్టెల్లో బాసిల్లస్ సెరియస్ కోసం నైసిన్ వాడతారు, మన పొడి పుల్కాకు ఆ కథ వర్తించదు. పాల సంగతైతే, ఏ ప్రిజర్వేటివూ కలపకూడదు, నేచురల్ అయినా సరే.

నైసిన్ కొనాలని నిర్ణయించుకున్నాక

మార్కెట్లో దొరికే పొడిలో అసలు నైసిన్ సాధారణంగా రెండున్నర శాతమే. మిగతాది ఎక్కువగా ఉప్పు, కొంత పాల ఘనపదార్థం. దీన్ని గ్రాముకు పది లక్షల యూనిట్లు అని రాస్తారు. లెక్క ఇలా: కిలోకు 12.5 మిల్లీగ్రాముల నైసిన్ కావాలంటే 500 మిల్లీగ్రాముల పొడి వేయాలి. పది కిలోలకు 5 గ్రాములు. డీలరు "12 పీపీఎం (కిలోకు 12 మిల్లీగ్రాములు) వేయండి" అని పొడి తూకం చెబితే మీ సరుకులో అసలు మందు నలభయ్యో వంతే పడుతుంది, పనిచేయదు. అతను నైసిన్ లెక్క చెబితే, మీరు పొడి లెక్క అనుకున్నా అంతే. ఏ లెక్క చెబుతున్నాడో అడిగి తీరాలి. బేగంబజార్‌లో విడిగా పొట్లం కట్టి ఇచ్చే పొడి వద్దు. బ్యాచ్ నంబరు, బలం, గడువు తేదీ ఉన్న సీలు డబ్బా, దానికి అనాలిసిస్ రిపోర్టు తీసుకోండి. ఇంటికి తెచ్చాక చల్లగా, పొడిగా, చీకట్లో పెట్టండి. వాడేటప్పుడు చిటికెడు సిట్రిక్ ఆమ్లం వేసిన కొద్దిపాటి నీళ్లలో ముందు కరిగించి, తర్వాత సరుకులో కలపండి. పొడిగా చల్లితే ఒకచోట గడ్డకట్టి, ఇంకోచోట చేరదు.

లేబుల్ విషయంలో చాలామంది ఆశ నీరుగారిపోతుంది. మన దేశపు 2011 నిబంధనల్లో ప్రిజర్వేటివ్‌లను రెండు తరగతులు చేశారు. ఉప్పు, చక్కెర, వెనిగర్, మసాలాలు, తేనె, నూనె మొదటి తరగతి. బెంజోయేట్, సోర్బేట్, నైసిన్ ముగ్గురూ రెండో తరగతిలో పక్కపక్కనే ఉన్నారు. నైసిన్ వేస్తే "ప్రిజర్వేటివ్ 234" అని రాయాలి, "నో ప్రిజర్వేటివ్స్" అని రాయకూడదు. ఆ మాట రాసుకోవాలన్నదే మీ ధ్యేయమైతే మొదటి తరగతితోనే బండి నడపాలి. మీ సరుకుకు నైసిన్ అనుమతి ఉందో లేదో, ఎంత వరకో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తాజా పట్టికలో కేటగిరీ ప్రకారం చూడండి. పట్టికలు మారుతుంటాయి.

చివరి మెట్టు పరీక్ష. మందు వేసినదీ వేయనిదీ ఒకే బ్యాచ్ నుంచి తీసి, ఒకే రోజు ప్యాక్ చేసి, ఒక సెట్టు ఫ్రిజ్‌లో, ఒక సెట్టు డెలివరీ బండి వేడిలో ఉంచి, రోజు విడిచి రోజు ల్యాబ్‌కు పంపండి. మొత్తం బ్యాక్టీరియా, ఈస్ట్ బూజు, కోలిఫాం (అపరిశుభ్రతకు గుర్తుగా చూసే గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా), స్పోర్లు ఈ నాలుగు లెక్కలు విడివిడిగా అడగండి. నైసిన్ వేసిన ప్యాకెట్‌లో స్పోర్ల లెక్క తగ్గి, కోలిఫాం అలాగే ఉంటే తప్పు మందుది కాదు, మీ నీళ్లదో చేతులదో. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తింపు ఉన్న ప్రైవేటు ల్యాబులు నగరంలో చాలానే ఉన్నాయి. సరుకు తయారీ పద్ధతి మీద సలహా కావాలంటే హబ్సీగూడలో కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ కేంద్రం ఉంది. వెళ్లేటప్పుడు పీహెచ్ అంకెలు, వంట ఉష్ణోగ్రత, చల్లారడానికి పట్టిన సమయం రాసి తీసుకెళ్లండి. ఆ మూడూ లేకపోతే వాళ్లు మొదట అడిగేది అవే.